రాడ్జర్స్ కోసం స్టీలర్స్ ఇంకా ఎదురుచూడొచ్చా?

బెళ్ళందూరు_స్టీలర్ (ప్రశ్న, మే 2025)

మే నెల చివరికొచ్చేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్)లో మన జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కి క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని విసిరే ప్రధాన ఆటగాడు) కావాలి. జెట్స్ వదిలేసిన ఆరన్ రాడ్జర్స్ మార్చి 21న పిట్స్‌బర్గ్ వచ్చి కోచ్‌లతో మాట్లాడి వెళ్ళాడు. అప్పట్నుంచి ఔననడు, కాదనడు. ఈలోపు నిరుడు మనకు ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లు జస్టిన్ ఫీల్డ్స్ జెట్స్‌కి, రసెల్ విల్సన్ జయంట్స్‌కి వెళ్ళిపోయారు. మనకు మిగిలింది మేసన్ రుడాల్ఫ్, స్కైలర్ థామ్సన్, డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) ఆరో రౌండ్‌లో తీసుకున్న విల్ హొవార్డ్.

రాడ్జర్స్‌కి 41 ఏళ్ళు, డిసెంబర్ 2కి 42 నిండుతాయి. 2023 సెప్టెంబర్ 11న జెట్స్ తరఫున నాలుగో స్నాప్‌కే (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) ఎడమకాలి అకిలిస్ (మడమ వెనక స్నాయువు) తెగింది. 2024లో మాత్రం 17 మ్యాచ్‌లూ ఆడాడు: 3,897 గజాలు, 28 టచ్‌డౌన్లు (స్కోర్లు), 11 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసిన బంతులు). జట్టు మాత్రం 5 గెలిచి 12 ఓడింది. ఇవే అంకెలు చూపించి మన బెంగళూరు తెలుగు గుంపులో సగం మంది ఇంకా ఆడగలడంటున్నారు, మిగతా సగం జెట్స్ గతి చూశాం కదా అంటున్నారు.

పేరు పక్కనపెట్టి లెక్క చెప్పండి. తీసుకుంటే ఒప్పందం ఎలా రాయాలి? ఇంత ఆలస్యంగా వచ్చినవాడు మన దాడి ఆట కోచ్ ఆర్థర్ స్మిత్ ఆటతీరులో ఇమడగలడా? సెప్టెంబర్ 7న తొలి మ్యాచ్ జెట్స్ మీదే, అదీ వాళ్ళ మైదానంలో, మనకు ఆదివారం రాత్రి 10:30. 28న డబ్లిన్‌లో వైకింగ్స్‌తో ఆట మనకు సాయంత్రం 7కే కాబట్టి ఆ రోజు అందరం ఒకచోట చేరి చూద్దామనుకుంటున్నాం. అప్పటికి సెంటర్ (బంతి వెనక్కి అందించేవాడు) వెనక క్వార్టర్‌బ్యాక్‌గా ఎవరు ఉంటే మంచిది?

హొసూరురోడ్_క్యాప్‌లెక్క

తీసుకోవచ్చండీ. కానీ ఒక్క ఏడాదికే, వాయిడ్ ఇయర్స్ లేకుండా. ఈ రెండో షరతే అసలైనది.

ఎందుకో చూడండి. సైనింగ్ బోనస్‌ని (సంతకానికి ఇచ్చే డబ్బు) క్యాప్ (జట్టు ఏడాదికి ఆటగాళ్ళ మీద పెట్టగల ఖర్చు పరిమితి) లెక్కలో గరిష్ఠంగా 5 ఏళ్ళకు పంచుకోవచ్చు. ఆటగాడు ఆడేది ఒక్క ఏడాదే అయినా కాగితం మీద మరో నాలుగు ఉత్తుత్తి సంవత్సరాలు (వాయిడ్ ఇయర్స్) చేర్చొచ్చు. ఉదాహరణకు మొత్తం 2 కోట్ల డాలర్లు అనుకుందాం. లీగ్‌లో ఏడేళ్ళు పూర్తయిన ఆటగాడికి ఈ ఏడాది కనీస జీతం 12.55 లక్షలు. మిగతా 1.8745 కోట్లు సైనింగ్ బోనస్‌గా ఇచ్చి ఐదేళ్ళకు పంచితే 2025 క్యాప్‌లో పడేది దాదాపు 50 లక్షలే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సీజన్ అయ్యాక ఒప్పందం రద్దవగానే మిగిలిన దాదాపు 1.5 కోట్లూ 2026 లెక్క మీద ఒకేసారి పడతాయి, అదీ జట్టులో లేని మనిషి పేరు మీద. ఇప్పుడు జెట్స్ మోస్తున్నది ఈ బరువే. రాడ్జర్స్‌ని వదిలేసినందుకు వాళ్ళకు 4.9 కోట్ల డెడ్ మనీ, ఈ ఏడాది 1.4, వచ్చే ఏడాది 3.5. విల్సన్‌ని వదిలినప్పుడు డెన్వర్ మీద పడింది 8.5 కోట్లు, రెండేళ్ళకు పంచుకున్నా.

ఈ ఏడాది క్యాప్ 27.92 కోట్లు. స్టీలర్స్ ఇవ్వదలచుకున్నది ఈ ఏడాది లెక్కలోనే పూర్తిగా ఇచ్చెయ్యాలి. మన డిఫెన్స్ స్టార్ టీజే వాట్ ఒప్పందానికి ఇది ఆఖరి ఏడాది, అతనికి కొత్తది రాయాలి. 2026లో కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చినా అతని చుట్టూ మనుషుల్ని కొనడానికి డబ్బుండాలి. ఆ సంవత్సరాన్ని ఇప్పుడే తాకట్టు పెట్టొద్దు.

గాయం భయానికి మందు జీతంలో లేదు. తొలి వారం రోస్టర్‌లో ఉన్న సీనియర్ ఆటగాడి జీతానికి ఎలాగూ రక్షణ ఉంటుంది, మధ్యలో తీసేసినా మిగతాది అడగొచ్చు. అందుకని జీతం తక్కువ పెట్టి, మ్యాచ్ రోజు జట్టులో ఉంటేనే దక్కే బోనస్ ఎక్కువ పెట్టాలి. ఇక్కడో మెలిక ఉంది. నిరుడు 17 మ్యాచ్‌లూ ఆడాడు కాబట్టి ఈ బోనస్ మొత్తం 'దక్కే అవకాశం ఉన్నది' కింద ఈ ఏడాది క్యాప్‌లోనే ముందుగా పడుతుంది. ప్లేఆఫ్ గెలుపుకి పెట్టే బోనస్ అలా కాదు. నిరుడు స్టీలర్స్ ప్లేఆఫ్ మ్యాచ్ గెలవలేదు కనుక అది ఇప్పుడు లెక్కలోకి రాదు, గెలిస్తే వచ్చే ఏడాదికి చేరుతుంది. గెలిచాక ఆ భారం మోయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇంకొక్క సంగతి. రాడ్జర్స్‌ని జెట్స్ వదిలేశారు, అతని ఒప్పందం గడువు తీరి బయటికి రాలేదు. అందుకని అతన్ని తీసుకున్నా పరిహార డ్రాఫ్ట్ పిక్‌ల (ఒప్పందం ముగిసి ఆటగాళ్ళు వెళ్ళిపోతే లీగ్ ఇచ్చే అదనపు వంతులు) లెక్క చెడదు. ఫీల్డ్స్, విల్సన్ వెళ్ళిపోయినందుకు రావలసినది ఇతని వల్ల పోదు.

మారతహళ్ళి_ఓలైన్

డబ్బు లెక్క సరేనప్పా, బాగా చెప్పినావు. ముందు ఆ మనిషిని కాపాడే ఐదుగురి (ఓ-లైన్) సంగతి చూడండి. నా మాట మాత్రం వద్దనే.

నిరుడు స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్‌లు 49 సార్లు సాక్ అయినారు, అంటే బంతి విసరకముందే పడిపోయినారు. విల్సన్ 11 మ్యాచ్‌లలోనే 33 సార్లు. లెఫ్ట్ టాకిల్ (లైన్‌లో ఎడమ చివర కాపాడేవాడు) డాన్ మూర్ టెనెసీకి పోయినాడు. ఆ జాగాలోకి నిరుడంతా కుడివైపు ఆడిన బ్రోడరిక్ జోన్స్ వస్తాండాడు. కుడివైపుకి ట్రాయ్ ఫౌటానూ, మోకాలు దెబ్బతో నిరుడు ఒక్క మ్యాచే ఆడినాడు. అంటే రెండు చివర్లూ కొత్తే. కుడి నుంచి ఎడమకి మారడం చిన్న పని కాదు. వెనక్కి వేసే మొదటి కాలు మారతాది, ముందు పంచ్ చేసే చెయ్యి మారతాది. అలవాటయ్యేదాకా డిఫెండర్ బయటి భుజం మీదుగా తిరిగొచ్చేస్తాడు. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్‌కి అది వీపు వెనక వైపు, వచ్చేది కనపడదు. ఫీల్డ్స్ అయితే పరిగెత్తి తప్పించుకునేవాడు. జెట్స్‌లో 40 సార్లు పడిన 41 ఏళ్ళ మనిషికి ఆ దారి లేదు.

రిసీవర్లనూ (విసిరిన బంతి పట్టేవాళ్ళు) చూడండి. డీకే మెట్‌కాఫ్ కోసం రెండో రౌండ్ పిక్ ఇచ్చి, నాలుగేళ్ళకు 13.2 కోట్ల డాలర్లు రాసినారు. సరే, మంచిదే. కానీ మే నెలలో జార్జ్ పికెన్స్‌ని డల్లాస్‌కి పంపించేసినారు. రెండోవైపు కాల్విన్ ఆస్టిన్, రోమన్ విల్సన్, రాబర్ట్ వుడ్స్. డిఫెన్స్ మెట్‌కాఫ్ మీదికి ఇద్దర్ని పంపితే మిగతావాళ్ళలో ఒంటరిగా గెలిచేది ఎవరు?

నలభై ఏళ్ళ దగ్గర ఆడిన క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ సంగతి గుర్తు పెట్టుకోండి. 2009లో మినెసోటాకి పోయి 33 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు, 12-4. కాన్ఫరెన్స్ ఫైనల్‌లో న్యూఆర్లీన్స్ మీద ఓవర్‌టైమ్‌లో ఓటమి. మరుసటి ఏడాది 11 టచ్‌డౌన్లు, 19 ఇంటర్‌సెప్షన్లు. ఈ వయసులో పడిపోవడం మెట్టు మెట్టుగా ఉండదు, ఒక్కసారే ఉంటాది.

2016 సీజన్ తర్వాత స్టీలర్స్ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ గెలవలేదు. ఏటా సగానికి తగ్గకుండా గెలుస్తారు, డ్రాఫ్ట్‌లో (ఎక్కువ ఓడిన జట్లకే ముందు వంతు) 20, 21 దగ్గర నిలబడతారు. అక్కడికి అసలైన క్వార్టర్‌బ్యాక్ రాడు. 2022లో 20వ పిక్‌తో కెన్నీ పికెట్‌ని తీసుకుని రెండేళ్ళకే ఫిలడెల్ఫియాకి పంపినారు కదా. 2026 డ్రాఫ్ట్ పిట్స్‌బర్గ్‌లోనే జరగతాది, పికెన్స్ బదులు డల్లాస్ మూడో రౌండ్ పిక్ కూడా వస్తాది. ఈ ఏడాది రుడాల్ఫ్‌ని ఆడించి ఓ-లైన్‌ని నిలబెట్టుకోండి. రాడ్జర్స్ వస్తే 9 గెలుస్తారు, మళ్ళా అదే 21 దగ్గర నిలబడతారు.

జయనగర_ప్లేబుక్

ఓలైన్ అన్నా, జోన్స్ గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఈ ఆటతీరులో వయసు మీరిన, కదలలేని క్వార్టర్‌బ్యాక్ పనికిరాడన్నది నేను ఒప్పుకోను. 2023లో క్లీవ్‌లాండ్ చూడండి. నవంబర్ 20న జో ఫ్లాకోని ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తీసుకున్నారు, అతనికి 38 ఏళ్ళు. డిసెంబర్ 3న మొదటిసారి ఆడి ఓడాడు, తర్వాత వరసగా నాలుగు గెలిచాడు. అక్కడా సెంటర్ కింద చేతులు పెట్టి మొదలుపెట్టే ప్లే యాక్షనే (బంతి రన్‌కి ఇస్తున్నట్టు నటించి విసరడం) ఎక్కువ. రన్ అనుకుని లైన్‌బ్యాకర్లు (డిఫెన్స్ రెండో వరస) రెండడుగులు ముందుకొస్తారు, వాళ్ళ వెనక ఖాళీలోకి బంతి పడుతుంది. దీనికి కాళ్ళ వేగం కన్నా బంతి ఎప్పుడు వదలాలో తెలియడం ముఖ్యం. 13 టచ్‌డౌన్లకు 8 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడన్నదీ, ప్లేఆఫ్‌లో అతని రెండు బంతుల్ని హ్యూస్టన్ వాళ్ళు పట్టి నేరుగా టచ్‌డౌన్లు చేశారన్నదీ నేను దాచను. రిస్క్ ఉంది.

రాడ్జర్స్‌కి షాట్‌గనే (సెంటర్‌కి కొన్ని గజాలు వెనక నిలబడి బంతి అందుకోవడం) ఇష్టమని, స్మిత్‌తో పడదని అందరూ అంటున్నారు. గ్రీన్‌బేలో మాట్ లాఫ్లూర్ కింద 2020, 2021లలో వరసగా ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు) తెచ్చుకున్నది స్మిత్ ఆటతీరు కుటుంబానికి చెందిన ఆటతోనే, 2020లో 48 టచ్‌డౌన్లు. తెలియని ఆట కాదు. మార్చాల్సింది బూట్‌లెగ్ (ఫేక్ చేశాక పక్కకు పరిగెత్తి విసరడం) ఒక్కటే. ఇతన్ని పక్కకు పరిగెత్తించకూడదు. ఫేక్ అయ్యాక పాకెట్‌లోనే (ఓ-లైన్ కాపు కాసే చోట) ఏడు గజాల దగ్గర నిలబడి విసిరేలా రాయాలి, టైట్ ఎండ్‌లు (కాపూ కాసి, బంతీ పట్టేవాళ్ళు) పాట్ ఫ్రైర్ముత్, డార్నెల్ వాషింగ్టన్‌లలో ఒకరిని జోన్స్ పక్కన నిలబెట్టి మొదటి దెబ్బ కాయించాలి. అప్పుడు బంతి పట్టడానికి పరిగెత్తేవాళ్ళలో ఒకరు తగ్గుతారు, దానికి ఒప్పుకోవాలి.

నా భయం ఆలస్యం గురించి. రాడ్జర్స్ బలాల్లో సగం స్నాప్‌కి ముందే ఉంటాయి. హార్డ్ కౌంట్ తీసుకోండి. గొంతు మార్చి అరుస్తాడు, డిఫెండర్ తొందరపడి గీత దాటుతాడు, ఆ క్షణంలోనే సెంటర్ బంతి అందించాలి. ఫ్లాగ్ పడిపోయింది కాబట్టి ఇక ఆ ఆట ఉచితం, రిసీవర్లందరూ లోతుకు పరిగెత్తుతారు, ఇంటర్‌సెప్షన్ అయినా పోయేదేమీ లేదు. కానీ సెంటర్ జాక్ ఫ్రేజియర్ ఆ గొంతుకి అలవాటు పడకపోతే బంతి అరక్షణం ఆలస్యమవుతుంది, లేదంటే మన గార్డే (సెంటర్ పక్కవాడు) ముందు కదిలి 5 గజాలు పోగొడతాడు. అలాగే బ్లిట్జ్ (డిఫెన్స్ అదనపు మనుషుల్ని మీదికి పంపడం) కనిపిస్తే ప్రొటెక్షన్ (ఎవరు ఎవర్ని ఆపాలన్నది) మార్చే మాట సెంటర్‌దా, క్వార్టర్‌బ్యాక్‌దా అన్నది ముందే తేలాలి. ఇద్దరూ చెరో మాట చెప్తే ఎవరూ పట్టుకోని మనిషి ఒకడు నేరుగా వచ్చేస్తాడు. సాక్‌లలో ఇలాంటివి ఎక్కువ, వాటికి టాకిల్‌ని తిట్టి లాభం లేదు.

మెట్‌కాఫ్‌తో సైగలు, బ్యాక్‌షోల్డర్ బంతి (రిసీవర్ వెనక భుజం వైపు వేసేది) మరో పని. రిసీవర్ తిరగకముందే బంతి చేతిలోంచి వెళ్ళిపోవాలి. అది పెద్దగా కాంటాక్ట్ లేకుండా కూడా నేర్చుకోవచ్చు, అందుకే జూన్ 10 నుంచి 12 దాకా జరిగే మినీక్యాంప్ నాకు ముఖ్యం. మూడు రోజులే, ప్యాడ్లు ఉండవు. గొంతు, సైగలు, సెంటర్‌తో స్నాప్ మార్పిడి, ఈ మూడింటికి అదే సరైన చోటు. జులైలో లాట్రోబ్‌లో జరిగే సీజన్ ముందు క్యాంపుకి వచ్చాక ఇవి మొదలుపెడితే ప్యాడ్లు వేసుకున్న రోజుల్లో సగం వీటికే పోతాయి.

ధోనీతో పోలుస్తూ ఎవరో రాయబోతారు, ముందే చెప్తున్నా, ఆ పోలిక కుదరదు. ధోనీని ఎనిమిదో నంబర్లో దింపి పది బంతులు ఆడిస్తే సరిపోతుంది. క్వార్టర్‌బ్యాక్ ప్రతి స్నాప్‌లో బంతి ముట్టాలి, దాచుకోవడానికి చోటు ఉండదు.

బెళ్ళందూరు_స్టీలర్

ముగ్గురికీ థాంక్సండీ. ఓలైన్ అన్నా, రుడాల్ఫ్ మీద అంత నమ్మకం ఎందుకు? అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌ని ట్రేడ్‌లో తెచ్చుకోవచ్చు కదా అని కూడా ఒకరు అడిగారు.

మారతహళ్ళి_ఓలైన్

రుడాల్ఫ్ గొప్పోడని కాదు. 2023 చివర్లో మూడు మ్యాచ్‌లూ గెలిపించినాడు, ప్లేఆఫ్‌లో బఫెలో మీద 31-17తో ఓడినాడు. అతనితో 2026 మీద పెద్ద భారం పడదు, జోన్స్, ఫౌటానూ ఏం చేయగలరో నిజంగా తెలుస్తాది. కజిన్స్ మాట వదిలేయండి. 2.75 కోట్ల గ్యారంటీ జీతం, పైగా ట్రేడ్‌కి అతను ఒప్పుకోవాలి. అట్లాంటా అందులో ఎక్కువ భాగం మోస్తే తప్ప లెక్కలోకే రాదు.

హొసూరురోడ్_క్యాప్‌లెక్క

ఓలైన్ గారి వాదనలో నేను ఒప్పుకోనిది ఒకటే. మన డిఫెన్స్‌లో కామ్ హేవార్డ్‌కి ఈ నెలలో 36 నిండాయి, వాట్‌కి 30 దాటాయి. ఈ డిఫెన్స్ 2027లో ఇలా ఉండదు, దానికి ఒక ఏడాది విలువ ఉంది. ఒక్క ఏడాది ఒప్పందం ఆ విలువకి తగినదే, 2026 నుంచి అప్పు తేకపోతే.

జయనగర_ప్లేబుక్

అయితే తేదీ ఒకటి పెట్టుకోవాలి. అతను జూన్ 10కి ముందే సంతకం పెట్టి మినీక్యాంప్‌కి వస్తే తీసుకోండి. వచ్చాక వారానికి ఒక రోజు, బుధవారం, అతనికి విశ్రాంతి ఇవ్వాలి. పాత క్వార్టర్‌బ్యాక్ రోత్లిస్‌బర్గర్‌కి ఇదే జట్టులో అలా చేసేవాళ్ళు. ఆ రోజు మొదటి జట్టుతో స్నాప్‌లన్నీ రుడాల్ఫ్‌వి, అప్పుడు వారం మధ్యలో గాయమైనా ఆట ఆగదు. జూన్ 12 దాటినా సంతకం లేకపోతే ఇక ఫోన్ చెయ్యొద్దు. లాట్రోబ్‌లో మొదటి జట్టుని రుడాల్ఫ్‌కి అప్పగించి, మూడు ప్రీసీజన్ మ్యాచ్‌ల రెండో సగాలూ హొవార్డ్‌కి ఇవ్వాలి.