గెలిచింది మనమా, మేమా?

ప్రశ్న (సియాటిల్ నుంచి)

గ్రూపులో అందరికీ నమస్కారం. మేం ఉండేది సియాటిల్ దగ్గర. మా బాబుకి పదకొండేళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడాలని మొదటి నుంచీ పట్టుబట్టి నేర్పించాను. మొన్న స్నేహితుల ఇంట్లో సీహాక్స్ (ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) మ్యాచ్ చూసి వచ్చి, గుమ్మంలో బూట్లు కూడా విప్పకుండా "అమ్మా, మేం గెలిచాం!" అన్నాడు. వాడి మొహం చూసి నాకూ సంతోషమే కలిగింది కానీ, ఆ 'మేం' ఎక్కడో గుచ్చుకుంది. 'మనం గెలిచాం' అనాలి నాన్నా అని దిద్దాను. వాడు ఒప్పుకోలేదు. "కాదమ్మా, మేమే" అన్నాడు. ఇది వ్యాకరణం తప్పా, లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? ఆట ఆడకుండా చూసేవాళ్ళు తెలుగులో ఏమనాలి?

జవాబు (హైదరాబాద్)

నమస్తే అండీ. మీరు ఎక్కువ ఆలోచించడం లేదు. హిందీలో 'హమ్' ఒక్కటే, ఇంగ్లీషులో 'వి' ఒక్కటే. వినేవాళ్ళని కలుపుకుంటున్నారో పక్కన పెడుతున్నారో ఆ మాటను బట్టి తెలియదు. మనకి రెండున్నాయి, తమిళంలో నామ్, నాంగళ్ ఉన్నట్టు, మరాఠీలో ఆపణ్, ఆమ్హీ ఉన్నట్టు. 'మనం భోంచేద్దాం' అంటే ఎదుటివాళ్ళకీ విస్తరి వేసినట్టు. 'మేం భోంచేస్తాం' అంటే వాళ్ళకి వేయనట్టు. అందుకే మీకు గుచ్చుకుంది.

అయితే ఒక విషయం గమనించండి. క్రియలో ఈ తేడా లేదు. 'మనం గెలిచాం', 'మేం గెలిచాం', రెండింటి చివరా అదే 'గెలిచాం'. తెలంగాణలో 'గెల్చినం' అన్నా అంతే. మాటల్లో మనం సర్వనామాన్ని చాలాసార్లు వదిలేస్తాం కాబట్టి, ఆఖరి బంతి పడగానే స్టేడియం అంతా "గెలిచాం!" అని అరిచినప్పుడు అందులో ఆడినవాళ్ళూ ఉంటారు, చూసినవాళ్ళూ ఉంటారు. కెప్టెన్ నోటా అదే మాట, పై స్టాండులో నిలబడ్డ కుర్రాడి నోటా అదే మాట. ఇంటికొచ్చి ఎవరికైనా చెప్పేటప్పుడే మనమా, మేమా అని తేల్చుకోవాల్సి వస్తుంది. మీ బాబు గుమ్మంలోనే తేల్చుకున్నాడు.

నా ఉద్దేశంలో అభిమానికి సహజమైన మాట 'మన'. 'మా జట్టు' అని యజమాని అంటాడు, కోచ్ అంటాడు. ఎదుటి జట్టు అభిమానితో వాదన పడ్డప్పుడు మనమూ అంటాం. టీ కొట్టు దగ్గర పక్కన నిలబడ్డవాడితో మాత్రం "నిన్న మన బౌలింగ్ చూశావా?" అనే మొదలుపెడతాం. వాడు నిన్నటిదాకా క్రికెట్ చూడకపోయినా సరే, ఆ ఒక్క మాటతో లోపలికి రమ్మన్నట్టే.

దీనికి తోడు 'మనోళ్ళు' ఉంది. పుస్తకాల్లో 'మనవాళ్ళు' అని రాస్తాం గానీ ఆట దగ్గర ఎవరూ అలా అనరు. ఈ మాట మీద నాకు చాలా ఇష్టం, ఎందుకో చెబుతాను. 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన తోటివారితో కలిసి విశ్వవిద్యాలయాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల మీద ఒక పరిశోధన ప్రచురించాడు. జట్టు గెలిచాక వచ్చే సోమవారం నాడు విద్యార్థులు యూనివర్సిటీ పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొచ్చారట. ఫోన్ చేసి మ్యాచ్ సంగతి అడిగితే, గెలిచిన ఆట గురించి 'వి' అని చెప్పడం ఎక్కువ, ఓడిన ఆట గురించి తక్కువ. గెలుపులో కలిసిపోయి, ఓటమిలో కాస్త దూరం జరుగుతారన్నమాట.

ఇప్పుడు మన మాట చూడండి. 'మనోళ్ళు గెలిచారు', 'మనోళ్ళు ఓడిపోయారు'. క్రియ ప్రథమ పురుషలో ఉంది, అంటే ఆడింది వాళ్ళేనని ఒప్పుకుంటున్నాం. ముందున్న 'మన' మాత్రం గెలిచినా ఓడినా కదలదు. "మనోళ్ళకి క్యాచ్‌లు పట్టడం ఎప్పుడొస్తుందిరా!" అని తిట్టేటప్పుడు కూడా 'మన' పోదు. తిట్టడానికి ఉన్న హక్కు ఆ 'మన'లోనే ఉంది.

ఈ మాటకి ఇంకో ముఖం ఉందని దాచను. బయట "వాడు మనోడేనా?" అంటే చాలాచోట్ల కులం అడిగినట్టు. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. అదే మాట సన్‌రైజర్స్ క్రికెట్ మ్యాచ్ రోజు ఉప్పల్ స్టేడియంలో వినండి. పక్క సీట్లో ఉన్నవాడి ఇంటిపేరు ఎవరూ అడగరు, నారింజ రంగు చొక్కా చాలు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన క్రికెటర్ విలియమ్సన్ అక్కడ 'కేన్ మామ' అయ్యాడు. ఉత్తరప్రదేశ్‌కి చెందిన కబడ్డీ ఆటగాడు రాహుల్ చౌదరి తెలుగు టైటాన్స్‌లో కూతకి వెళ్తుంటే 'మన రాహుల్' అయ్యాడు. 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టింది విశాఖపట్నంలో. వన్డేల్లో అతనికి అదే మొదటి సెంచరీ. ఆ రోజు నుంచి వైజాగ్ వాళ్ళకి అతను మనోడే. పుట్టుకను బట్టి కొలిచే మాటని ఆట ఇంత వెడల్పు చేసింది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

ఇక నాకు బాధ కలిగించేది కూడా చెప్పేస్తాను. హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త కాదు. స్కూలు మాస్టారుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం సాధించింది. 'మనోళ్ళు' అని ఆ రోజుల్లో నగరం అన్నదంటే, వాళ్ళు పక్క గల్లీలో కనబడే మనుషులు కాబట్టి. తర్వాత ఆ వైభవం పోయింది. చాలా ఏళ్ళకి 2019లో, మూతపడ్డ పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలి స్టేడియంలో మేం కొద్దిమందిమే ఉండేవాళ్ళం, అయినా గొంతు పోయేలా అరిచేవాళ్ళం. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా కొట్టిన షాట్‌తో స్కోరు సమం అయింది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి బంతులు ఆపుతుంటే నేను టీవీ ముందు కూర్చోలేక లేచి నిలబడ్డాను. 3-1. ఐఎస్‌ఎల్ కప్పు మనది. 2025లో ఆ జట్టు ఢిల్లీ వెళ్ళిపోయింది, పేరు కూడా మార్చుకుంది. యజమానుల 'మా జట్టు' చెక్కు చెదరలేదు. పోయింది మా నోట్లో ఉన్న 'మన'. దానికి లెక్కల పుస్తకంలో పద్దు ఉండదు.

జవాబు (హిందూపురం)

అన్నా, చాలా బాగా చెప్పావు. మాది హిందూపురం. హైదరాబాద్ కంటే బెంగళూరు మాకు ఎంతో దగ్గర, అందుకే చిన్నప్పటి నుంచి బెంగళూరు ఐపీఎల్ జట్టు ఆర్‌సీబీ. 'ఈ సల కప్ నమ్దే' అని కన్నడంలోనే అరుస్తాం. నువ్వు చెప్పాక ఆలోచిస్తే తట్టింది, కన్నడ 'నావు'కి మనం, మేం అనే తేడా లేదు. అందుకే 'నమ్దే' అంటే ఇద్దరికీ సరిపోతుంది. తెలుగులోకి తేవాలంటేనే చిక్కు. మా వాట్సాప్ గ్రూపులో అయితే 'ఈసారి కప్పు మనదే'. సన్‌రైజర్స్ అభిమాని అయిన మా బావతో అయితే 'ఈసారి కప్పు మాదే'. ఏళ్ళ తరబడి రెండూ అన్నాం. 2025 జూన్ 3న ఐపీఎల్ కప్పు గెలిచాక మా బావే ఫోన్ చేసి "గెలిచారు కదరా మీరు" అన్నాడు. ఆ 'మీరు' వినడానికి ఎంత బాగుందో! మర్నాడు బెంగళూరులో స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. వాళ్ళు నాలాంటివాళ్ళే. ఆ చొక్కా ఇప్పటికీ బయటికి తీయబుద్ధి కావడం లేదు.

జవాబు (రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు)

పెద్దవాడిగా ఒక మాట. గెలిచింది ఆడినవాళ్ళు. చెమటోడ్చింది వాళ్ళు, మోకాళ్ళు చితికింది వాళ్ళవి. 'వాళ్ళు గెలిచారు' అనడమే సరైన తెలుగు. టికెట్ కొన్నంత మాత్రాన 'మనం', 'మేం' అనే ఉత్తమ పురుష రాదు. పిల్లవాడికి మనమూ వద్దు, మేమూ వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నేర్పండి.

జవాబు (హైదరాబాద్)

మాస్టారూ, మీ మాట కాదనలేను. 'మనోళ్ళు గెలిచారు'లో మీరు కోరిన ప్రథమ పురుష ఉంది కూడా. కానీ ఒక్కసారి 'అభిమాని' అనే మాట చూడండి. ఇంగ్లీషులో ఫ్యాన్ అంటాం కదా, అది ఫనాటిక్ అనే మాటలోంచి వచ్చిందంటారు, పిచ్చి ముదిరినవాడని అర్థం. మనం అలాంటి పేరు పెట్టుకోలేదు. 'అభిమానం చంపుకుని అప్పు అడిగాడు' అంటే ఆత్మగౌరవం. 'నా మీద అభిమానంతో వచ్చాడు' అంటే ప్రేమ. రెండూ ఒకే మాట. సాంఖ్య దర్శనంలో 'అభిమానోఽహంకారః' అన్నారు. నేను, నాది అనుకునే భావానికే అక్కడ అభిమానమని పేరు. దేహాభిమానం అన్నప్పుడు మీరు క్లాసులో చెప్పే అర్థం కూడా అదే. నేను కానిదాన్ని నేను అనుకోవడం. వేదాంతికి అది వదిలించుకోవాల్సిన బంధమే, ఒప్పుకుంటాను. అభిమానికి మాత్రం అదే ఊపిరి. తాను ఆడలేదని వాడికి తెలియక కాదు. తెలిసీ ఆ జట్టుని తనలో కలుపుకున్నాడు, అందుకే దాని ఓటమి వాడికి అవమానం.

బెంగాలీలో ఇదే మాటకి ఇంకో అర్థం. దగ్గరివాళ్ళు నొప్పిస్తే కలిగే అలకని వాళ్ళు అభిమానం అంటారు. పరాయివాళ్ళ మీద కోపం వస్తుంది గానీ ఆ అలక రాదు. మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ అనే క్లబ్‌కి ఆడాడు. దేశ విభజనతో తూర్పు బెంగాల్ వదిలి వచ్చినవాళ్ళకి ఊరు దూరమైంది, ఊరి పేరు జట్టులో మిగిలింది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి "మీరు ఆడలేదు కదా" అని ఎలా అంటాం మాస్టారూ? సీహాక్స్ వాళ్ళు కూడా 1984లోనే 12 నంబరు జెర్సీని అభిమానుల పేరిట పక్కన పెట్టేశారు, ఏ ఆటగాడికీ ఇవ్వరు. మైదానంలో ఆడేది 11 మందే కదా. మీరు రాదన్న ఉత్తమ పురుషని ఆ జట్టే పిలిచి ఇచ్చింది.

జవాబు (రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు)

దేహాభిమానం గుర్తు రాలేదు సుమా. 'మనోళ్ళు'కి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. 'మనం గెలిచాం' మీద ఇంకా ఆలోచించాలి.

ప్రశ్న అడిగినవారు (సియాటిల్)

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ చదివాక బాబుని మళ్ళీ అడిగాను, "మనం అని ఎందుకు అనలేదు?" అని. వాడు చాలా మామూలుగా, "నువ్వు చూడవు కదమ్మా. మేం అంటే నేను, ఆర్యన్, వాళ్ళ నాన్న, ఇంకా టీమ్" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. వాడి తెలుగులో తప్పేం లేదు. ఎవరున్నారో, ఎవరు లేరో సరిగ్గా లెక్కపెట్టే చెప్పాడు.

హైదరాబాద్ జట్టు గురించి చదువుతుంటే మా పక్కింటి పెద్దాయన గుర్తొచ్చారు. ఇక్కడ సూపర్‌సోనిక్స్ అని బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. 41 సీజన్లు ఆడి, 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోయింది. ఆయన ఇప్పటికీ ఆకుపచ్చ, పసుపు రంగుల టోపీ పెట్టుకుని కుక్కని నడిపిస్తుంటారు. ఆ జట్టు గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ 'వి' అంటారు. ఇన్నాళ్ళూ అది నేను పట్టించుకోలేదు. ఈసారి కనిపిస్తే కూర్చోబెట్టి అడగాలి.

ఆదివారం మళ్ళీ మ్యాచ్ ఉంది. ఈసారి మా ఇంట్లోనే పెట్టమన్నాను. నాకు ఆ ఆట ఒక్క ముక్క అర్థం కాదు. వాడు చెబితే సగం ఇంగ్లీషు. ఈ 'డౌన్' అంటే ఏమిటో ఎవరైనా తెలుగులో చెప్పగలరా?

జవాబు (హైదరాబాద్)

తప్పకుండా అండీ. బంతి చేతిలో ఉన్న జట్టు 10 గజాలు ముందుకు తీసుకెళ్ళాలి. దానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. నాలుగు లోపల 10 గజాలు దాటితే మళ్ళీ కొత్తగా నాలుగు వస్తాయి, దాటకపోతే బంతి అవతలి జట్టుకి. నాలుగోది వచ్చేసరికి మీ బాబు మాట్లాడటం ఆపేస్తాడు. అప్పుడు మీరు కూడా ఏమీ అడగకండి.