పొద్దున ఒక పట్టాన ఆన్ కాని డెస్క్‌టాప్, వేడి, నత్తనడక: ఫార్మాట్ చేయిస్తే పోతుందా?

ప్రశ్న (సైదాపేట, చెన్నై)
అందరికీ నమస్కారం. ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. గ్రాఫిక్స్ కార్డు లేదు. రాత్రి స్విచ్ బోర్డు దగ్గరే ఆపేస్తాం. పొద్దున బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగి ఐదారు సెకన్లలో ఆగిపోతాయి. రెండు మూడుసార్లు నొక్కితే గానీ లేవదు. లేచినా ఎఫ్1 నొక్కమంటుంది, తేదీ చూస్తే ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటుంది. విండోస్ వచ్చాక మౌస్ మాట వినడానికి పది నిమిషాలు. మధ్యాహ్నం పిల్లల క్లాసు నడుస్తుండగా ఫ్యాను హోరెత్తి ఉన్నట్టుండి ఆరిపోతుంది. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి ర్యామ్ పెంచితే చాలన్నారు. చేయించమంటారా?

జవాబు (పెరంబూరు)
ఇప్పుడే వద్దండి. బటన్ నొక్కిన ఐదో సెకనుకి విండోస్ ఇంకా రంగంలోకే రాదు. దాన్ని చెరిపి మళ్లీ ఎక్కించినా ఆ ఆగిపోవడం ఆగదు. మీరు రాసినది ఒక్క జబ్బు కాదు, మూడో నాలుగో కలిసి వచ్చాయి. ఒక్కొక్కటీ ఏ క్షణంలో బయటపడుతోందో చూస్తే ఏది దేనివల్లో తెలిసిపోతుంది.

లోగో రాకముందే ఆగితే కరెంటు వైపు చూడాలి: ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా), ర్యామ్ పట్టు, బోర్డు మీది కెపాసిటర్లు (కరెంటుని నిలకడగా ఉంచే చిన్న గొట్టాల్లాంటివి). తేదీ పోతే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ. పని చేస్తుండగా ఆరిపోతే ముందు వేడి. విండోస్ వచ్చాక ఈడుస్తుంటే హార్డ్ డిస్క్.

వీటన్నిటికంటే ముందు, ఈ రోజే, ఫొటోలు, సర్టిఫికెట్లు, పిల్లల ఫైళ్లు బయటి డిస్కులోకి ఎక్కించుకోండి. ఇలా మాటిమాటికీ ఆరిపోయే కంప్యూటర్లో పాత హార్డ్ డిస్క్ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం. విండోస్ ఫోల్డర్ల జోలికి పోకండి, మీ సొంత ఫైళ్లు చాలు.

తర్వాత రెండు సంగతులు చూసి చెప్పండి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్ వేడి ఎంత, వీడియో పావుగంట నడిచాక ఎంత. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6, సీ7 వరుసల్లో ఏమున్నాయి.

ప్రశ్న అడిగినవారు
ఫైళ్లు తీసుకున్నాను, చాలాసేపు పట్టింది. ఏ పనీ లేకుండా 71 డిగ్రీలు. వీడియో పెడితే 98 నుంచి 100. టాస్క్ మేనేజర్లో వేగం అప్పుడప్పుడు 0.8 గిగాహెర్ట్జ్‌కి పడిపోతోంది. డిస్క్ రంగు పసుపు, 'కాషన్' అని ఉంది. సీ5 వరుసలో చివర 18, మిగతావి సున్నా.

జవాబు (వేళచ్చేరి)
71 చాలా ఎక్కువ. చెన్నై గదిలో ఏసీ లేకపోయినా ఈ ప్రాసెసర్ ఊరికే ఉన్నప్పుడు 40, 45 దగ్గర ఉండాలి, మే నెల కత్తిరి ఎండల్లో అయితే ఓ 50. దీని హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, 3.2 గిగాహెర్ట్జ్‌ది 0.8కి దిగడం అదే. అయినా చల్లబడకపోతే తనను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. అంటే మీ నత్తనడకలో ఒక పాలు వేడిదే.

ప్రాసెసర్ మీద కూర్చున్న కూలర్ (ఫ్యాను, దాని కింది అల్యూమినియం రేకులు) విప్పాల్సిందే. పైనుంచి బ్లోయర్ కొడితే ఫ్యాను రెక్కలు తెల్లబడతాయి, అంతే. అసలు చెత్త ఫ్యానుకీ అల్యూమినియం రేకులకీ మధ్య మందపాటి కంబళిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాను పైకి లేపితే గానీ కనపడదు. మన ఊరి ఉక్కకి ఆ దుమ్ము పొడిగా రాలదు, జిడ్డుగా అతుక్కుంటుంది. పాత పెయింటు బ్రష్‌తో గీకి, ఆపైన బ్లోయర్. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ బోర్డు దగ్గర వాడకండి, దాని గొట్టం దగ్గర స్టాటిక్ కరెంటు పుడుతుంది, చిప్పులకి ప్రమాదం.

విప్పే ముందు ఓ పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ మెత్తబడుతుంది. ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. ఫ్యాను వైరు తీయండి. నాలుగు నల్ల మేకులనీ వాటి మీది బాణం వైపు తిప్పి పైకి లాగితే కూలర్ వచ్చేస్తుంది. పాత పేస్ట్ గట్టిపడి సున్నంలా ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన, నూగు రాలని గుడ్డతో తుడవండి. రిచీ స్ట్రీట్‌లో మొబైల్ రిపేరు సామాను అమ్మే చోట ఆ ద్రవం దొరుకుతుంది. మందుల షాపు స్పిరిట్లో కొన్నిట్లో నూనె కలుస్తుంది, అది వద్దు. కొత్త పేస్ట్ ప్రాసెసర్ నడిమధ్యన ఒక పెద్ద కందిగింజంత. వేలితో పులమక్కర్లేదు, కూలర్ బరువే పరుస్తుంది.

ఎక్కువమంది తప్పేది బిగింపులో. మేకుల్ని ముందు బాణానికి ఎదురు తిప్పి మామూలు స్థితికి తేవాలి. తర్వాత ఎదురెదురు మూలల్లో రెండు, ఆపైన మిగతా రెండు, టక్కుమనేదాకా నొక్కాలి. బోర్డు వెనక్కి చూస్తే నాలుగు చోట్లా తెల్ల ప్లాస్టిక్ కొస రెండుగా చీలి, మధ్యలో నల్ల మొన కనపడాలి. ఒక్కటి పట్టకపోయినా కూలర్ ఓ మూల లేచే ఉంటుంది, కొత్త పేస్ట్‌తో కూడా వేడి తగ్గదు. వయసుకి ఆ తెల్ల కొసలు విరుగుతాయి కూడా. అలా అయితే మేకులు అతికించే ప్రయత్నం మాని కొత్త కూలరే కొనండి. మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1150; 1150, 1151, 1200 సాకెట్లకి చిల్లుల దూరం ఒకటే, కాబట్టి దొరకడం కష్టం కాదు. ఫ్యాను వైరు 'సీపీయూ ఫ్యాన్' అని రాసున్న చోటే పెట్టాలి, పక్కదాంట్లో పెడితే మళ్లీ ఎఫ్1 నొక్కమంటుంది.

జవాబు (తాంబరం)
ఎండాకాలం పోయేదాకా క్యాబినెట్ పక్క డోరు తీసేసి ఉంచుకుంటే ఇంత శ్రమ ఉండదుగా?

జవాబు (వేళచ్చేరి)
రెండు మూడు డిగ్రీలు తగ్గొచ్చు, రేకుల మధ్య కంబళి మాత్రం అలాగే ఉంటుంది. పైగా బల్లులు, బొద్దింకలు లోపలికి చేరతాయి. దానికంటే బల్ల కింది గూట్లోంచి బయటికి లాగి, వెనక గోడకి జానెడు ఖాళీ ఉంచితే మేలు.

జవాబు (పెరంబూరు)
సీ5 సంగతి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లెక్క మామూలుగా హెక్సాలో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) చూపిస్తుంది. 18 అంటే మన లెక్కలో 24. చదవలేక డిస్క్ ఇంకా ఏమీ తేల్చకుండా అనుమానంలో ఉంచిన 24 సెక్టార్లు (డిస్కు మీది చిన్న గళ్లు) ఉన్నాయన్నమాట. విండోస్ వాటిలో దేన్నైనా అడిగినప్పుడల్లా డిస్క్ పదేపదే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది, తెర బిగుసుకుపోతుంది. సీ7 సున్నా ఉంది కాబట్టి కేబుల్ తప్పు కాదు. డిస్కుని సరిచూసే విండోస్ ఆదేశం చెక్‌డిస్క్‌ని '/ఆర్'తో నడపమని ఎవరైనా చెబితే, ఫైళ్లు తీసుకోకముందు ఎప్పుడూ నడపకండి. దెబ్బతిన్న డిస్కుని గంటల తరబడి గిలకొట్టినట్టే.

ర్యామ్ పెంచితే ఇది పోదు. మీ వాడకానికి 8 జీబీ చాలు. ఆ డబ్బు సాటా ఎస్ఎస్‌డీకి (హార్డ్ డిస్క్ వైరుకే తగిలే, దానికంటే చాలా వేగమైన డిస్కు) పెట్టండి, 500 జీబీ దగ్గర్లోది. హెచ్81లో నాలుగు సాటా పోర్టులుంటాయి, రెండే 6 గిగాబిట్‌వి. బోర్డు మీద సన్నగా ముద్రించి ఉంటుంది, అందులోనే పెట్టండి. పాత డిస్కు వైరు పీకేసి విండోస్ కొత్తగా ఎక్కించండి. డిస్కుని డిస్కుకి ఉన్నదున్నట్టు క్లోన్ (నకలు) చేయడం ఇక్కడ వద్దు, చెడ్డ సెక్టార్ల దగ్గర మధ్యలో ఆగుతుంది.

బిళ్ల బ్యాటరీ సీఆర్2032. కొత్తది 3 వోల్టులు. మల్టీమీటరులో 2.8 కంటే తక్కువ చూపితే మార్చేయండి, ఏ వాచీ షాపులోనైనా ఉంటుంది. మీరు రాత్రి స్విచ్ ఆపేస్తారు కాబట్టి గడియారం భారమంతా దాని మీదే. మార్చే ముందు బయోస్ (విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు) తెరల్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. మార్చాక తేదీ, సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) సరిచూడండి. ఇదివరకు ఏహెచ్‌సీఐ ఉండి ఇప్పుడు ఐడీఈకి మారితే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. అది చూసి డిస్క్ పోయిందని ఫార్మాట్‌కి పరిగెత్తేవాళ్లు చాలామంది.

ప్రశ్న అడిగినవారు
కూలర్ విప్పాం. కంబళి నిజమే, ఒక మేకు కూడా సగమే దిగి ఉంది. ఇప్పుడు ఊరికే 43, వీడియోకి 64. బ్యాటరీ మార్చాం, తేదీ నిలుస్తోంది. ఎస్ఎస్‌డీ ఇంకా కొనాలి. కానీ పొద్దున మొదటి నొక్కుకి ఇంకా ఆగిపోతోంది.

జవాబు (వేళచ్చేరి)
ర్యామ్ కడ్డీలు తీసి, బంగారు గీతల్ని రబ్బరుతో రుద్ది, పొట్టు దులిపి మళ్లీ గట్టిగా నొక్కి చూడండి. ఒకే కడ్డీతో ఓ పొద్దున, రెండోదానితో మరో పొద్దున. రెండిటితోనూ ఆగితే ఎస్ఎంపీఎస్.

చల్లగా ఉన్నప్పుడు మొండికేసి, రెండు మూడు నొక్కులకి లేచి, ఆపైన రోజంతా నడవడం ముసలి కెపాసిటర్ల లక్షణం. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక ఎస్ఎంపీఎస్‌లలో ఇది మామూలే. మీటరు ఉంటే తేల్చేయొచ్చు. కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్ ఆన్‌లోనే ఉంచండి. 24 పిన్నుల ప్లగ్ బోర్డులోనే ఉండగా, వెనకనుంచి ఊదా వైరు సందులోకి ఎర్ర మొన, ఏదైనా నల్ల వైరు సందులోకి నల్ల మొన. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. తర్వాత కంప్యూటర్ నడుస్తుండగా పసుపు వైరు 11.4 నుంచి 12.6. బయోస్‌లో కనపడే వోల్టేజీ అంకెల్ని నమ్మకండి.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు
ఊదా వైరులో 4.3 వచ్చింది.

జవాబు (పెరంబూరు)
అయితే మార్చడమే. గ్రాఫిక్స్ కార్డు లేని ఐ5-4460 గట్టిగా పని చేసినా మొత్తం 150 వాట్లు దాటదు, కాబట్టి 80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) గుర్తున్న 450 వాట్లది ఎక్కువే. పెట్టెమీది వాట్లు చూసి మోసపోకండి, 12 వోల్టుల లైన్‌లో ఎన్ని ఆంపియర్లో చూడండి. 35 దగ్గర్లో ఉంటే ఆ 450 నిజమైన 450. రిచీ స్ట్రీట్‌కి ఆదివారం వెళ్లకండి, చాలా షాపులు మూసే ఉంటాయి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీకి అదే అడుగుతారు.

మార్చేటప్పుడు బోర్డు మీద ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ల నెత్తులు చూడండి. చదునుగా ఉంటే సరే. ఉబ్బినా, గోధుమరంగు కారినా ఈ బోర్డుకి ఇంకేమీ ఖర్చు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
చదునుగానే ఉన్నాయండి. ఎస్ఎస్‌డీలో విండోస్ 11 ఎక్కించేయమంటారా?

జవాబు (తాంబరం)
నాలుగో తరం ప్రాసెసర్‌కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు, ఇంటెల్లో ఎనిమిదో తరం నుంచే. దొడ్డిదారులున్నాయి గానీ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ కుస్తీ. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పిల్లల క్లాసులు, యూట్యూబ్, ఉత్తరాలు టైపు చేయడమే అయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్కించకుండానే ఓ గంట నడిపి చూడండి. ప్రింటర్, వెబ్‌క్యామ్ పట్టుకుంటే అదే వేసేయండి. బ్యాంకు పని కూడా ఉంటే మాత్రం ఆలోచించకుండా మింట్.

జవాబు (పెరంబూరు)
పాత 1 టీబీ డిస్కుని రెండో డిస్కుగా పెట్టుకుందామనుకుంటున్నారేమో. సినిమాలకైతే సరే, ఫొటోలకి వద్దు. ఇచ్చేసే పనైతే ముందు పూర్తిగా చెరిపి ఇవ్వండి.