నల్లరేగడి నేలలో ఇల్లు, సెప్టిక్ ట్యాంకు, పెరటితోట: పైన గ్రావెల్ పోస్తే సరిపోతుందా?

కొత్తఇల్లు (ప్రశ్న):
ఒక అంతస్తు ఇల్లు కట్టుకోవాలనుకుంటున్న మా స్థలంలో గుంత తవ్వించి చూడగా, పైన 1.2 మీటర్ల మేర నల్లరేగడి, దాని అడుగున సున్నపు గుళికలు కలిసిన తెల్లటి సుద్దమట్టి, ఇంకా కిందికి వెళ్తే గునపానికి లొంగని గట్టి నేల కనిపించాయి. ఎండాకాలంలో ఈ నేల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. నల్లమట్టి మీదే మీటరు ఎత్తు ఇసుక గానీ గ్రావెల్ గానీ పోసి కట్టుకోవచ్చని, ఒక్క అంతస్తుకు అంతకంటే అక్కరలేదని కొందరు చెబుతున్నారు. ఇంటి వెనుక సెప్టిక్ ట్యాంకు, దాని నీటికి ఇంకుడు గుంత, మిగిలిన చోట కూరగాయల మడులు, కొన్ని పండ్ల చెట్లు వేయాలని ఉంది. ఏది ముందు తేల్చుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

పునాదిరాయి:
ఒక్క అంతస్తే కదా అన్న ధీమాయే ఈ నేలలో కొంప ముంచుతుంది. నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం నీటిని తన పొరల మధ్యకు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అది పైకి నెట్టే ఒత్తిడిని బరువైన కట్టడం అణచి ఉంచగలదేమో గానీ, తేలికపాటి ఇల్లు అణచలేదు. పైగా ఇంటి నడిమి భాగం కింద తేమ నిలకడగా ఉండి, అంచుల్లో మాత్రం కాలాన్ని బట్టి పెరిగి తరుగుతుంది గనుక ఇల్లంతా ఒకేలా లేచి దిగదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగి, ఒక కాలంలో వెడల్పై మరో కాలంలో మూసుకునే పగుళ్లు అందుకే వస్తాయి.

పైన ఇసుక పోసినంత మాత్రాన కింది మట్టి గుణం మారదు సరికదా, ఇసుకలోకి దిగిన వాన నీరు నల్లమట్టి మీద నిలిచి దాన్ని మరింత నానబెడుతుంది. మీ స్థలంలో ఆ పొర 1.2 మీటర్లే కాబట్టి పునాదిని దాన్ని దాటించి గట్టి నేల మీద కూర్చోబెట్టండి. గదుల గచ్చు కింద కూడా నల్లమట్టిని తీసి, ఉబ్బని మొరాన్ని పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి. (ఇది చాలామంది వదిలేస్తారు, గోడలు బాగానే నిలుస్తాయి, గచ్చు మాత్రం లేచిపోతుంది.) పొర చాలా లోతుగా ఉన్నప్పుడే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగు భాగాన్ని ఉబ్బెత్తుగా వెడల్పు చేసి లోతుకు దించే కాంక్రీటు స్తంభాలు, అవసరమవుతాయి.

సుద్దమట్టిని కూడా నమ్మకుండా పరీక్షించండి. ఎండబెట్టి జల్లించిన మట్టి పొడిని 10 గ్రాముల చొప్పున రెండు కొలత గాజు గొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీరు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో 10 మిల్లీలీటర్ల దగ్గర నిలిచిన మట్టి నీటిలో 15 దాటిందంటే, అంటే తేడా 50 శాతానికి మించిందంటే, సాధారణ పునాది పనికిరాదు.

ఇంకుడుగుంత:
ఈ స్థలంలో అసలు చిక్కు మురుగునీటితోనే వస్తుందని నా అభిప్రాయం. ట్యాంకు ఎంత పెద్దది కట్టినా లోపలికి వచ్చినంత నీరు బయటికి పోవాల్సిందే, దాన్ని నేల తాగాల్సిందే. ఎండాకాలంలో గుంతలో బిందెడు నీళ్లు పోసి, గటగటా ఇంకాయని సంబరపడకండి. ఆ నీరు నెర్రెల్లోకి పోయిందే తప్ప మట్టిలోకి కాదు. గుంత గోడల మీద పార రాసిన నున్నటి పూతను గీకేసి, రాత్రంతా నీరు నిల్వ ఉంచి, నెర్రెలు మూసుకున్న తరువాతే కొలవాలి. 25 మిల్లీమీటర్ల నీరు దిగడానికి 60 నిమిషాలు దాటితే ఇంకుడు గుంత ఆశ వదులుకుని, బయటి నుంచి తెచ్చిన ఇసుకతో నేల మట్టానికి పైన వడపోత దిబ్బ కట్టించడం మేలు. సుద్ద పొరలో పరీక్ష విడిగా చేయండి, అక్కడ ఫలితం వేరుగా ఉండవచ్చు. వానాకాలంలో భూగర్భ జలం ఎంత పైకి వస్తుందో కూడా చూడండి. అది ట్యాంకు చుట్టూ చేరిన రోజుల్లో ట్యాంకును పూర్తిగా తోడిస్తే ఖాళీ ట్యాంకు పైకి తేలే ప్రమాదం ఉంది.

పెరటిమడి:
తోట విషయంలో మీది అదృష్టమే, ఎందుకంటే నల్లరేగడి తేమను, పోషకాలను బాగా పట్టి ఉంచుతుంది. పునాదికి తవ్వేటప్పుడు నల్లమట్టిని ఒకవైపు, సుద్దమట్టిని ఇంకోవైపు పోయించండి. రెండూ కలిసిపోతే సున్నం వల్ల మొక్కకు ఇనుము అందక, లేత ఆకులు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి పసుపు రంగుకు తిరుగుతాయి. అలాంటి నేలలో ఇనుప సల్ఫేటు చల్లినా త్వరలోనే మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది. గుల్లబారుతుందని ఇసుక కలపకండి, కొద్దిపాటి ఇసుకతో బంకమట్టి ఇంకా గట్టిపడుతుంది. చివికిన ఎరువు, ఆకు చెత్త ఏటా వేస్తూ మడులను ఎత్తుగా కట్టండి.

కొత్తఇల్లు:
అందరికీ ధన్యవాదాలు. మడులను ఇంటి గోడను ఆనుకుని వేసుకుంటే వంటగది నీరు నేరుగా పారించవచ్చని అనుకున్నాను. అలా చేయవచ్చా?

పునాదిరాయి:
వద్దండి. గోడ వెంట ఒకవైపే రోజూ తడుపుతుంటే, పునాది ఎంత లోతుకు దించినా దాని పక్కన ఉన్న నల్లమట్టి ఉబ్బి గోడను, మెట్లను, పైపులను నెడుతుంది. ఇంటి చుట్టూ మీటరున్నరకు తగ్గకుండా బయటికి వాలుగా గచ్చు చేయించి, మడులను దాని అవతల మొదలుపెట్టండి. చెట్లు పూర్తిగా ఎదిగితే ఎంత ఎత్తవుతాయో కనీసం అంత దూరం గోడకు ఉండాలి, ఎందుకంటే వేర్లు ఎండాకాలంలో పునాది పక్కనున్న తేమను లాగేస్తాయి. వడపోత దిబ్బ మీద గడ్డి తప్ప మరేదీ పెంచకండి. వంటగది నీటిని ఒక చిన్న జిడ్డు తొట్టి గుండా పంపి, పైపుతో పండ్ల చెట్ల పాదుల వరకు తీసుకుపోవచ్చు.