పేజీకి 20 వరుసలే, కానీ మొత్తం లెక్కకే ఆరు సెకన్లు పడుతోంది

ప్రశ్న:
గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. లాట్ల టేబుల్లో దాదాపు 40 లక్షల వరుసలున్నాయి. సెర్చ్‌లో రకం "తేజ" అని ఎంచుకుంటే కొత్త లాట్లు 20, కింద "మొత్తం 4,12,386" అని రావాలి. రెండు క్వెరీలు ఎందుకని, 20 వరుసలు తెచ్చే క్వెరీలోనే ప్రతి వరుస పక్కన మొత్తం సంఖ్య ఇచ్చే కౌంట్(*) ఓవర్() పెట్టాను. అది తీసేస్తే చిటికెలో వస్తోంది, పెడితే ఆరు సెకన్లు. రకం, తేదీ, ఐడీ మీద ఇండెక్స్ ఉంది. సీజన్లో గేటు దగ్గర లారీలు ఆగి ఉంటే గుమస్తా స్క్రీన్ చూస్తూ కూర్చుంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు 1:
క్వెరీ ఒకటే అయినా లోపల పనులు రెండండీ. లిమిట్ 20 (20 వరుసలే ఇమ్మనడం) ఒక్కటే ఉంటే ఇండెక్స్ వెంట 20 వరుసలు చదివి ఆగిపోతుంది. ఓవర్() పెట్టగానే ఆ ఆగే వీలు పోతుంది, ఎందుకంటే విండో లెక్క, అంటే ఓవర్() చేసే లెక్క, పూర్తయ్యాకే లిమిట్ పనిచేస్తుంది. క్వెరీ ఎలా నడిచిందో మెట్టు మెట్టుగా చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కొట్టి చూడండి: ఆ విండో లెక్క చేసే విండోఆగ్ మెట్టు కింద నాలుగు లక్షల పైచిలుకు వరుసలు, పైన లిమిట్ దగ్గర 20. మీ ఆరు సెకన్లు పోతున్నది అక్కడే. పైగా ఆఫ్‌సెట్ (ముందు ఎన్ని వరుసలు వదిలేయాలన్న అంకె) చివరి పేజీ దాటితే ఒక్క వరుసా రాదు, దాంతోపాటు లెక్కా రాదు.

లెక్కను వేరే క్వెరీగా విడగొట్టండి. అందులో ఆర్డర్ బై (వరుసక్రమం) అక్కర్లేదు, రైతు పేరు కోసం వేరే టేబుల్ కలిపే లెఫ్ట్ జాయిన్ పెట్టి ఉంటే అదీ అక్కర్లేదు. సెర్చ్ మారినప్పుడు ఒక్కసారి లెక్కపెట్టి దాచుకోండి, పేజీ తిప్పిన ప్రతిసారీ వద్దు.

అసలు గేటు దగ్గర మనిషికి 4,12,386 అన్న అంకెతో పనేముంది? లోపలి క్వెరీలో లిమిట్ 1001 పెట్టి, బయట దాన్ని కౌంట్ చేయండి. 1001 వస్తే "1000+" అని చూపించండి. తర్వాతి పేజీ ఉందో లేదో తెలియాలంటే 20 బదులు 21 వరుసలు తెచ్చుకుంటే చాలు. లారీ ఆపి మరీ ఆ అంకె చూపించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

జవాబు 2:
ఇంకో డేటాబేస్ అయిన మై ఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకి ఒక మాట. లిమిట్ పెట్టినా మొత్తం ఎన్నో లెక్కపెట్టే ఎస్‌క్యూఎల్_క్యాల్క్_ఫౌండ్_రోస్ 8.0.17 వెర్షన్ నుంచి డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దన్నారు. లిమిట్‌తో ఒక క్వెరీ, లిమిట్ లేకుండా కౌంట్(*) ఇంకొకటి విడిగా వేయమని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతోంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. గేటు స్క్రీన్‌కి 1000+ పెట్టేశాను, ఇప్పుడు ఆలస్యం లేదు. కానీ ఓనర్‌గారికి నెలాఖరున కచ్చితమైన లెక్క కావాలి.

జవాబు 1:
అది రిపోర్టు, దానికి కచ్చితత్వమే ముఖ్యం. విడిగా నడపండి, కాసేపు పట్టినా ఫర్వాలేదు. పోస్ట్‌గ్రెస్ సొంత పట్టిక పీజీ_క్లాస్‌లోని రెల్‌టపుల్స్ అంకె మాత్రం అక్కడ వాడొద్దు, అది మొత్తం టేబుల్‌కి సుమారు అంచనా మాత్రమే.

ఆ కౌంట్‌కి ఎక్స్‌ప్లెయిన్ చూపించే ప్లాన్లో ఇండెక్స్ ఓన్లీ స్కాన్ (టేబుల్ తెరవకుండా ఇండెక్స్ నుంచే చదవడం) వస్తోందేమో చూడండి. వచ్చినా, "హీప్ ఫెచెస్" లక్షల్లో ఉంటే ఆ వరుసలు పాతబడిపోకుండా ఇంకా చెల్లేవేనా అని టేబుల్లోకి వెళ్లి మరీ చూసుకుంటోందన్న మాట. సీజన్లో అప్‌డేట్లు ఎక్కువ కాబట్టి ఆ టేబుల్‌కి రాత్రిపూట వాక్యూమ్ (పాతబడ్డ వరుసల్ని శుభ్రం చేసే కమాండ్) నడపండి, బాగా తగ్గుతుంది.

పాత లాట్ల కోసం వెనక్కి వెళ్లేచోట ఆఫ్‌సెట్ కూడా మానేయండి. ఆఫ్‌సెట్ 4,00,000 అంటే ఆ నాలుగు లక్షల వరుసలూ చదివి పారేయడమే. చివరి వరుస తేదీ, ఐడీ గుర్తుపెట్టుకుని, (తేదీ, ఐడీ) వాటికంటే చిన్నవి 20 ఇమ్మని అడగండి. ఐడీ తప్పనిసరి, ఒకే రోజు దిగిన లాట్లు వందల్లో ఉంటాయి కదా.