'నిమ్మకు నీరెత్తినట్టు': ఎత్తిందా, ఎక్కిందా?

నకిరేకల్ నిమ్మతోట: సోమవారం ప్రజావాణిల ఇయ్యనీకి ఒక అర్జీ రాస్తున్న. మా పిల్లకాలువ పూడిక సంగతి. "అధికారులు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నరు" అని రాసి మా పెద్దనాయనకు చదివి వినిపించిన. ఆ ముక్క కొట్టెయ్ అన్నడు. ముప్పై ఏండ్ల సంది నిమ్మ, బత్తాయి పెట్టిన మనిషి. "నీరెత్తిన నిమ్మను ఎన్నడన్న చూసినవా? అది ఊకుంటదారా?" అని నన్నే తిట్టిండు. ఇంకోటి, మా నాయనమ్మ ఈ సామెతకు రెండో సగం కూడ అనేది. అందుల 'బెట్ట' అనే మాట వస్తది. అంతవరకే యాదికున్నది. ఎవరన్న విన్నరా?

సూర్యాపేట మాస్టారు: రెండో సగం నేనెరుగను. మొదటి సగంలోనే తప్పుంది. అది 'నీరెక్కినట్టు' అయి ఉండాలి. చెట్టుకు నీరు ఎక్కుతుంది. ఎత్తడానికి నీటికి చేతులున్నాయా? తాటాకు మీద గంటం జారితే క్క కాస్తా త్త అయిపోవడం ఎంతసేపు? పత్రికలు ఆ తప్పునే మోస్తున్నాయి.

దేవరకొండ గుట్ట: మాస్టారూ, నమస్కారం. చేతులు లేనివి చాలానే ఎత్తుతయి. పిచ్చెత్తు, విసుగెత్తు, దాహమెత్తు. వీటికి చేతులున్నయా? పైగా విభక్తి చూడండి. 'నాకు విసుగెత్తింది', 'నిమ్మకు నీరెత్తింది'. రెండిటికీ ఒకటే 'కు'. లోపలినుంచి పుట్టుకొచ్చి ఒళ్లంతా కమ్ముకునేదానికి 'ఎత్తు' అంటం. గంటం ఏమీ జారలేదు.

పాలమూరు పిల్లగాడు: గింత వ్యాకరణమెందుకన్నా? ఎత్తుడంటే ఎత్తిపోసుడే. మోట కొట్టి, ఏతమేసి నీళ్లు తోడిపోసిండ్రు, నిమ్మచెట్టు కూసొని తాగింది. ఒకరు గుంజి పోస్తుంటే తను కదలకుండ తాగేటోడిని అన్న మాట అది. మా దిక్కు ఎత్తుడు ఎట్లుంటదో అడుగుండ్రి. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌ల శంకుస్థాపన అయింది, నార్లాపూర్‌ల మొదటి మోటరు 2023 సెప్టెంబర్‌ల తిప్పిండ్రు. నిమ్మ దాకా ఎందుకు, జొన్నకు కూడ ఎత్తలే.

దేవరకొండ గుట్ట: తమ్మీ, మాకు ఎత్తుడూ లేదు, పారుడూ లేదు. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు కూలి ఎనిమిది మంది లోపల చిక్కినంక గానీ చానామందికి అదొకటుందని తెలువలే. అయినా నా విభక్తికి నువ్వు జవాబు చెప్పలే.

పాలమూరు పిల్లగాడు: 'మడికి నీళ్లు ఎత్తిండు'. ఇందుల లేదా 'కి'?

నకిరేకల్ నిమ్మతోట: పెద్దనాయనను మళ్లడిగిన. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. చెట్టుకు కొన్నాళ్లు నీళ్లు బంద్ పెడ్తరు. దాన్నే బెట్టకు పెట్టుడంటరు. ఆకు వాడుతది, కొంత రాలుతది. చూసినోడు తోట పోయిందనుకుంటడు. తర్వాత పాదులు చేసి, ఎరువేసి నీళ్లిడుస్తరు. నెల తిరగకముందే కొమ్మకొమ్మకూ పూత. "నిమ్మకు నీరెత్తితే గట్లుంటది. మీ ఆఫీసోళ్లు ఎన్నడన్న పూసిండ్రా?" అన్నడు. నాయనమ్మ కూడ పాలు తాగి నిండుగ ఉన్న పిల్లలను చూసి ఈ మాటే అనేది. తిట్టు కాదది, దిష్టి తగులుతదని మెల్లగ అనే మాట.

హాలియా ఆయకట్టు: మీ పెద్దనాయన చెప్పింది సగమే తమ్ముడూ. ఆ నీళ్లే మొదట్ల నిలవనియ్యి, అప్పుడు చూడు. వేరు కుళ్లుతది, బంక కారుతది, ఆకు పచ్చదనం పోతది. అందుకే మొదలుకు తడి తగలకుండ రెండు వరుసల పాది కడ్తరు. ఆ నిలవనీటి చెట్టు చావదు, కాయదు, ఊరికే నిలబడ్తది. పేపరోళ్లు చెప్పే అర్థం దానికి సరిగ్గ సరిపోతది. సర్కారు కదలనిది నీళ్లు లేక కాదు, మొదట్ల నీళ్లు నిలిచి. కృష్ణ సంగతే చూడుండ్రి. నీళ్లు పంచే బచావత్ ట్రిబ్యునల్ 1976ల ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు అన్నది. 2004ల బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ వచ్చింది. 2013ల తుది నివేదిక ఇచ్చింది. సుప్రీంకోర్టు స్టే ఉండె, అది గెజిట్‌కు ఎక్కలే. 2023ల మళ్ల కొత్త విధివిధానాలు. 2015ల తాత్కాలికమని రాసుకున్న ఆంధ్రకు 512, తెలంగాణకు 299 లెక్కతోటే ఏండ్లు నెట్టుకొచ్చిండ్రు. కాయితాలకు కొదువ ఉన్నదా ఏడనన్న?

సూర్యాపేట మాస్టారు: చూశారా! 'గెజిట్‌కు ఎక్కలే' అన్నారు అమ్మా, 'ఎత్తలే' అనలేదు. భాష తన సాక్ష్యం తానే చెబుతోంది.

హాలియా ఆయకట్టు: సార్, నేను చెప్పింది నీళ్ల గురించి.

కల్వకుర్తి పాత దస్త్రం: అసలు మన దిక్కు గీ సామెత ఎవరు వాడిండ్రు? మా తాత పట్వారీ గిరి చేసినోడు. ఆయన నోట్ల రెండే మాటలు. పని నడుస్తలేదంటే 'జేరె గౌర్', అంటే ఆలోచనల ఉన్నదన్నట్టు. ఇగ నడవదంటే 'దాఖల్ దఫ్తర్'. ఉర్దూ పోయింది, 'పరిశీలనలో ఉన్నది' అని తెలుగైంది. పరిశీలన మాత్రం గదే. 2012 దాపుల ఇంగ్లీషు పేపర్లు పాలసీ పెరాలిసిస్ అంటే మనోళ్లు 'విధాన పక్షవాతం' అన్నరు. పక్షవాతమైతే ఒక పక్కనన్న కదులుతది కదా.

దేవరకొండ గుట్ట: పీవీని మరువకుండ్రి. నిర్ణయం తీసుకోకపోవుడు కూడ నిర్ణయమే అనే మాట ఆయన పేరు మీదనే తిరుగుతది. మౌనముని అన్నరు. ఆ మునే 1991 జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గనిచ్చిండు. అంటే బెట్టకు పెట్టి నీళ్లిడిసినట్టు. పెద్దనాయన అర్థమే గెలిచింది.

సూర్యాపేట మాస్టారు: గెలుపోటములు తర్వాత. జాప్యానికి విరుగుడు పోతన దగ్గరుంది. గజేంద్రమోక్షంలో ఏనుగు అరిచిన వెంటనే విష్ణువు ఏం చేశాడు? "సిరికిం జెప్పఁడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ డే పరివారంబునుఁ జీరఁడు". ఈ 'చీరఁడు' దగ్గర ఆగండి. చీరు అంటే పిలుచు. చీర కట్టడం కాదు, నా విద్యార్థులు యాభై మంది అలాగే రాశారు. పరివారాన్ని పిలవలేదు. అంటే కమిటీ వేయలేదు! ఆర్థిక శాఖ అనుమతి కూడా అడగలేదు, లక్ష్మీదేవికే చెప్పలేదు కదా. ఈ పద్యాన్ని సచివాలయం మెట్ల మీద చెక్కించాలి.

కల్వకుర్తి పాత దస్త్రం: మెట్ల మీద వద్దు సార్. సీటు కాడ ఇంకోటి చెక్కియ్యాలె. "కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో". భోజనం యాళ్ల దాటినంక పోయి చూడుండ్రి.

పాలమూరు పిల్లగాడు: పోతనంటే దండమే గానీ, మా గోన బుద్ధారెడ్డిని ఎవరూ తలుస్తలేరు. ద్విపదల రామాయణం చెప్పినోడు. వారధి కట్టేటప్పుడు ఇసుకల పొర్లి ఇదిలించిన ఉడుత కథ రంగనాథ రామాయణంలది, వాల్మీకిల లేదు. ఉడుతకు ఏ జీవో వచ్చిందని పని మొదలువెట్టింది?

దేవరకొండ గుట్ట: గోన బుద్ధారెడ్డి మీ జాగీరా? ఆయన ఉడుత మా ఊర్ల కూడ తిరుగుతది.

సూర్యాపేట మాస్టారు: ద్విపదలో ఇంద్రగణాలు ఎన్నో చెప్పండి ముందు, తర్వాత జాగీరు.

పాలమూరు పిల్లగాడు: మూడు. మీద ఒక సూర్యగణం. ఎనిమిదో క్లాసుల మీ అసొంటి సారే కొట్టి చెప్పిండు.

నకిరేకల్ నిమ్మతోట: ఇగ అర్జీ ఇచ్చొచ్చిన. ఆ ముక్క కొట్టేసిన. 'పాదులు ఎండుతున్నయి, కాలువ తియ్యుండ్రి' అని మాత్రం రాసిన. రసీదు ఇచ్చిండ్రు. ఏమన్నరని అడుగకుండ్రి. కల్వకుర్తి అన్న చెప్పిన మాటే, తెలుగుల అన్నరు. నాయనమ్మ రెండో సగం సంగతి ఎవరూ తేల్చలే గదా?

హాలియా ఆయకట్టు: బెట్ట అన్నవంటే అది చెట్టుకు చెప్పిన మాట కాకపోవచ్చు తమ్ముడూ. బెట్టు చేసేటోళ్లకు చెప్పిందేమో. మా అత్తను అడిగి చూస్త.

సూర్యాపేట మాస్టారు: బాబూ, ఒక్క సందేహం తీర్చు. మీ నాయనమ్మ ఆ మాట అన్నప్పుడు నీకు క్క అని వినిపించేదా, త్త అనా? జాగ్రత్తగా గుర్తు తెచ్చుకో.

నకిరేకల్ నిమ్మతోట: ఆమెకు పండ్లు లేకుండె సార్. రెండూ ఒక్కతీరే ఇనవడేది.