రోజా (రంజాన్ ఉపవాసం) లేని ఆ నాలుగు రోజులు మీ ఇళ్లలో ఎలా గడుస్తాయి?

ఒంగోలు కోడలు

అస్సలాము అలైకుమ్ అక్కలూ. అత్తగారింట్లో ఇది నాకు మొదటి రంజాన్. ఇంట్లో మామగారు, ఇద్దరు మరుదులు, ఆడపడుచు ఉంటారు. నెలసరి వచ్చిన దగ్గర్నుంచి పగలు మంచినీళ్లు తాగాలన్నా టెన్షన్‌గా ఉంది. మా ఆడపడుచు ఆ రోజుల్లో కూడా సహరికి (తెల్లవారకముందు భోజనానికి) లేచి అందరితో తింటుంది, సాయంత్రం దాకా రోజా ఉన్నట్టే తిరుగుతుంది. నన్నూ అలాగే చేయమంటోంది. బ్యాంకులో టీ కప్పు పట్టుకుంటే చాలు, "ఇవాళ రోజా లేదా మేడమ్?" అని అందరి ముందూ అడుగుతారు. ఏం చెప్పాలో తోచదు. మీరు ఎలా నెట్టుకొస్తున్నారు? వదిలిన రోజాలు ఎప్పుడు తీర్చుకుంటున్నారు?

నంద్యాల టీచరమ్మ

వ అలైకుమ్ అస్సలాం చెల్లీ. తిను. నీళ్లు తాగు. ముందు ఆ పని చెయ్యి, మిగతావి తర్వాత.

మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. మా జేజి రోజాను ఒక్కపొద్దు అనేది. చేనికి పోయి కలుపు తీసే మనిషి. నెలసరి రోజుల్లో వడ్ల బస్తాల గదిలోకి పోయి, గోడవైపు తిరిగి, సంగటి ముద్ద గబగబా మింగి వచ్చేది. మగవాళ్లు అరుగు మీద కూర్చుని ఉంటే అదీ లేదు, పొద్దుగూకేదాకా పస్తే. అది రోజా కాదు. ఆ రోజుల్లో రోజా ఉన్నా చెల్లదు, తర్వాత ఎలాగూ మళ్లీ ఉండాల్సిందే. అల్లా వద్దన్న పస్తు ఇంట్లోవాళ్ల కళ్ల కోసం ఎందుకుండాలి? ఆ గది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

సిగ్గుపడాల్సిన విషయమని మనకు ఎవరు నేర్పారో తెలియదు కానీ దీన్ (మన ధర్మం) మాత్రం నేర్పలేదు. ఒకామె ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా గారిని అడిగింది, నెలసరిలో పోయిన రోజాలు తీరుస్తాం, నమాజులు ఎందుకు తీర్చం అని. ప్రవక్త కాలంలో మాకూ అది వచ్చేది, రోజాలు తీర్చమని చెప్పేవారు, నమాజులు తీర్చమని చెప్పేవారు కాదు అని ఆమె జవాబిచ్చారు. ఆ తల్లి సిగ్గుపడి ఊరుకుని ఉంటే ఈ మసలా (ధర్మ నియమం) మనదాకా వచ్చేదా?

మా అత్త పైకి ఒక్క మాట అనేది కాదు. నాకు నెలసరి అని తెలిస్తే పొద్దున్నే అన్నం, పప్పు మూతపెట్టి నా గదిలో ఉంచేది. ఆ మేలు మర్చిపోను. కానీ నా కూతురికి ఆ మూసిన గది కూడా వద్దనుకున్నాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా "అక్క సహరికి లేవలేదేం?" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. సైన్సు పుస్తకంలో ఎలాగూ చదివేదే, దాని గురించి దీన్ ఏం చెప్పిందో కలిపి చెప్పాను. ఇప్పుడు వాళ్లక్క వంటింట్లో పళ్లెం పెట్టుకుని తింటుంటే వాడు ఫ్రిజ్‌లో పుచ్చకాయ పెట్టి తన దారిన పోతాడు.

నువ్వు కొత్త కోడలివి, మామగారితో, మరుదులతో నువ్వే మాట్లాడమని చెప్పను. మీ ఆయనతో చెప్పించు. అది అతని పని. బ్యాంకులో "ఇవాళ లేదండి" చాలు, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంకొక మాట. "నీకు రోజా లేదు కదా" అని ఇఫ్తార్ పనంతా ఆ రోజుల్లో నీమీదే పడుతుంది చూడు. దానికి ఒప్పుకోకు. నడుము నొప్పితో ఉన్నది నువ్వు. అసలు రంజాన్‌లో మన టైమంతా ఎటు పోతోందో చూశావా? ప్రభుత్వం ముస్లిం ఉద్యోగుల్ని గంట ముందు ఇంటికి పంపుతుంది. 2025లో తెలంగాణలో మార్చి 2 నుంచి 31 దాకా సాయంత్రం నాలుగింటికే వెళ్లొచ్చన్నారు, మన ఆంధ్రలోనూ అలాగే ఇచ్చారు. మా స్కూల్లో మగ టీచర్లు ఆ గంటలో ఖురాన్ చదువుకుంటారు, కాసేపు నడుం వాలుస్తారు. ఆడవాళ్లం బజ్జీల పిండి కలుపుతాం. మా ఇంట్లో ఇప్పుడు పళ్లు కోయడం, షర్బత్ కలపడం మగవాళ్ల పని. గట్టిగా అడిగాకే ఒప్పుకున్నారు. ఆ అరగంట నాకు దక్కింది, అందులో తెలుగు అనువాదం పక్కన పెట్టుకుని ఖురాన్‌లో ఒక రుకూ (చిన్న భాగం) చదువుతాను.

కజా రోజాలంటావా, అంటే వదిలినవి తీర్చుకునేవి, పండగ రోజులు వదిలేసి ఏడాదిలో ఎప్పుడైనా ఉండొచ్చు. నేను డిసెంబర్, జనవరి నెలల్లో ఉంటాను. పగలు చిన్నది, ఎండ ఉండదు. 2018లో రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది, నంద్యాల ఎండల్లో పద్నాలుగు గంటలు దాటేది. అప్పుడు పోయినవి కూడా చలికాలంలోనే తీర్చాను. ఆయిషా గారు తన కజా రోజాలు మళ్లీ రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెలలో గానీ తీర్చలేకపోయేవారని హదీసులో ఉంది. కాబట్టి ఆలస్యమైందని కుమిలిపోకు.

రాయచోటి నుంచి కువైట్

టీచరమ్మ గారూ, జేజి సంగతి చదివి ఏడుపొచ్చింది.

నేను ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తాను. రంజాన్‌లో ఆఫీసులకు పని గంటలు తగ్గుతాయి, మాకు పెరుగుతాయి. మధ్యాహ్నం నుంచి హరీస్ (గోధుమ, మాంసం వంటకం), సమోసాలు, సూప్. ఇఫ్తార్ అయ్యాక వాళ్లు తరావీహ్‌కు (రంజాన్ రాత్రి నమాజుకు) పోతారు, నేను గిన్నెల దగ్గర ఉంటాను. తర్వాత దీవానియాకు (అతిథులు కూర్చునే పెద్ద గదికి) వచ్చినవాళ్లకు మళ్లీ గబ్‌గా, అంటే అర్ధరాత్రి భోజనాలు. అవి సర్దేసరికి సహరి. వచ్చిన కొత్తలో నెలసరి అని చెప్పుకోలేక ఏమీ తినకుండా పనిచేస్తే ఒకరోజు పొయ్యి దగ్గరే కళ్లు తిరిగాయి. ఇంటి పెద్దామె వచ్చి "నీకు ఈరోజు నమాజు లేదా?" అని సూటిగా అడిగింది, తానే అన్నం పెట్టింది. వాళ్ల ఆడపిల్లలు ఇంట్లో అన్నదమ్ముల ముందే తింటారు. వీధిలో మాత్రం పగలు ఎవరూ తినకూడదు, ఇక్కడ చట్టం ఉంది.

నాకు తిండి బాధ తీరింది కానీ తరావీహ్ బాధ తీరలేదు. ఇన్ని మసీదులున్న ఊళ్లో జమాత్‌లో అందరితో కలిసి నిలబడే తీరిక నాకు దొరకదు.

ఒంగోలు కోడలు

అక్కా, మీకు అల్లా ఆ తీరిక ఇవ్వాలి. టీచరమ్మ గారూ, ఈ రాత్రే మా ఆయనతో మాట్లాడతాను. ఇంకో రెండు అడగాలి. చివరి పది రాత్రుల్లో నెలసరి వస్తే ఇక ఏమీ లేనట్టేనా? మా ఆడపడుచు నెలసరి ఆపే మాత్రలు మెడికల్ షాపులో తెచ్చుకోమంటోంది.

నంద్యాల టీచరమ్మ

ఏమీ లేకపోవడమేంటి! నమాజు, రోజా లేకపోయినా చాలా తలుపులు తెరిచే ఉంటాయి. దుఆ (వేడుకోలు), జిక్ర్ (అల్లాను తలుచుకోవడం), ఫోన్‌లో ఖురాన్ వినడం. ఆ చివరి పది రాత్రుల్లో వెతికే ఘనమైన రాత్రి లైలతుల్ ఖద్ర్ దొరికితే ఏం చదవాలని ఆయిషా గారు అడిగితే ప్రవక్త నేర్పిన దుఆ ఉంది: అల్లాహుమ్మ ఇన్నక అఫువ్వున్ తుహిబ్బుల్ అఫ్వ ఫఅఫు అన్నీ. నువ్వు మన్నించేవాడివి, మన్నించడం నీకిష్టం, నన్ను మన్నించు అని. దీనికి ఏ అడ్డూ లేదు. నేను ఆ రాత్రుల్లో దీపం ఆర్పను, చాప మీద కూర్చుని ఇదే చదువుతాను. మాత్రల సంగతి నాకు తెలియదు, ఎవరైనా నర్సులుంటే చెప్పండి.

గుంటూరు నర్సమ్మ

షాపులో అడిగి తెచ్చుకోవద్దమ్మా. బీపీ, మైగ్రేన్, రక్తం గడ్డకట్టే సమస్య, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు హార్మోన్ మాత్రలు ప్రమాదం కావచ్చు. లేడీ డాక్టర్‌కు చూపించుకుని, ఆమె సరేనంటేనే వాడాలి. మాత్రలు ఆపాక బ్లీడింగ్ ఎక్కువగా అయినవాళ్లను వార్డులో చూస్తుంటాను. రక్తం తక్కువగా ఉండి ఐరన్ వాడుతుంటే ఇఫ్తార్ తర్వాత వేసుకో, దాని వెంటనే టీ తాగకు.