అప్‌డేట్: పర్లాకిమిడి (ఒడిశా), 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, డెబియన్ లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్

బ్రౌజర్‌లో ఐదారు ట్యాబులు తెరిస్తే బిగుసుకుపోవడం, తెలుగు, ఒడియా టైపు కాకపోవడం: ఈ ల్యాప్‌టాప్ గురించి ఇంతకుముందు ఇక్కడ నేను అడిగినవి ఈ రెండే. రెండూ తీరాయి. సలహా ఇచ్చిన అందరికీ నమస్కారం.

ముందు టైపింగు. ఐబస్ (వేర్వేరు భాషల్లో టైపు చేయించే ప్రోగ్రాం), దానికి భారతీయ భాషల కీబోర్డులు ఇచ్చే ఎం17ఎన్ ప్యాకేజీ (ibus-m17n) ఎక్కించినంత మాత్రాన సరిపోదు. టైపింగుకి ఏ ప్రోగ్రాం వాడాలో చెప్పే ఇమ్-కాన్ఫిగ్ (im-config) తెరిచి ఐబస్‌ని ఎంచుకోవాలి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. అది చేయకపోతే కొన్ని అప్లికేషన్లలో తెలుగు, ఒడియా టైపు అవుతాయి, కొన్నింట్లో కావు. నా దగ్గర జరిగింది సరిగ్గా అదే. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) రెండూ చేర్చాను. రెండింటికీ మీటల అమరిక ఒకటే. ఇక్కడ రెండు భాషల్లో దరఖాస్తులు రాసేవాళ్లకు ఇది పెద్ద సాయం. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-తెలు (fonts-telu), ఫాంట్స్-ఓర్య (fonts-orya) ప్యాకేజీలు వేయండి.

బిగుసుకుపోవడానికి కారణం స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే అదనపు చోటు) పాత హార్డ్‌డిస్క్ మీద ఉండటం. ర్యామ్‌లోనే కుదించిన స్వాప్ ఏర్పాటు చేసే జెడ్‌రామ్-టూల్స్ (zram-tools) వేసి, దాని సెట్టింగుల్లో పర్సెంట్ 50 (ర్యామ్‌లో సగం), అల్గో జెడ్‌ఎస్‌టీడీ (zstd, కుదించే పద్ధతి) అని పెట్టి, దాని సర్వీసు రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు ముందు ర్యామ్‌లోనే కుదించి దాస్తోంది, డిస్క్ జోలికి వెళ్లడం బాగా తగ్గింది.

వీడియోలో గీతలు పడటం ఒక్కటే మిగిలింది.